నేను వేయించుకోని సూదులు

కోడుమూరు,
16 జనవరి 1956

ప్రియమైన అన్నా,

నువ్వు పంపిన నీ పుస్తకాల కట్ట చేరింది. బస్సు కండక్టరు దాన్ని బడి అరుగు మీద పెట్టి పోతే, నేను వచ్చేలోగా మూడో తరగతి పిల్లలు తాడు విప్పేశారు. "మా టీచరమ్మ పేరు అచ్చులో పడిండాది" అని ఒకడు అరుస్తున్నాడు, తక్కినవాళ్లు కూడబలుక్కుని చదువుతున్నారు. నేను చావబోవడం గురించీ బతకడం గురించీ నువ్వు రాసింది నాకంటే ముందు వాళ్లు చదివారు.

తర్వాత నేనూ చదివాను. కోపంలో ఉత్తరం రాయకూడదని రెండు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

జరిగింది నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వరసగా రాస్తాను, ఎందుకంటే నీ పుస్తకం చదివాక అవి నీకు గుర్తున్నాయో లేదో నాకు అనుమానంగా ఉంది. పోయిన ఏడాది ఫిబ్రవరిలో నా గొంతు పోయింది, దగ్గులో నెత్తురు పడింది. నువ్వే నన్ను మద్రాసు తీసుకుపోయావు. మెడ దగ్గర లేచిన గడ్డను కోసి పరీక్ష చేసి, ఇది ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సరనీ, తొందరగా పాకే రకమనీ చెప్పారు. ఆపరేషను కుదరదన్నారు. కరెంటు పెట్టి గడ్డను మాడ్చడానికీ వేళ దాటిందన్నారు. "వానలదాకా ఉండదు, ఇంటికి తీసుకుపోండి" అని డాక్టరు వరండాలో నీతో అన్నాడు. తలుపు తీసే ఉంది. నేను విన్నాను. నేను విన్నానని నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

కడపలో మీ ఇంట్లో మంచం పట్టాను. నొప్పి తగ్గడానికి రాత్రిపూట వదిన ఇచ్చే మాత్ర తప్ప నాకు ఏ మందూ లేదు. వానలు వచ్చాయి. నేను పోలేదు. జులైలో గొంతు తిరిగి వచ్చింది. మెడ మీది గడ్డలు తడిమితే చేతికి తగలడం మానేశాయి. అక్టోబరులో మళ్లీ మద్రాసు పోయి ఎక్స్‌రే ఫోటో తీయించాం. ఛాతీలో ఏమీ లేదు. డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. అప్పుడు కోసిన ముక్కను మళ్లీ తెప్పించి ఇంకో ఇద్దరు డాక్టర్లకు చూపించాడు. ముగ్గురూ అది క్యాన్సరేనన్నారు. "ఇలా జరగడం ఉంది, చాలా అరుదు. ఎందుకు జరుగుతుందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్లను నమ్మకమ్మా" అని నాతో అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు.

నీ పుస్తకంలో ఆ డాక్టరు కంటతడి పెట్టుకుని మోకరించాడు. ఎప్పుడు మోకరించాడన్నా? ఆయన టీ తాగుతున్నాడు.

నీ పుస్తకంలో నేను విశ్వాసంతో లేచి, మందు సీసాలన్నీ పెన్నలో పారేశాను. నాకు సీసా ఎవరిచ్చారు? పెన్నదాకా నడిచే శక్తి ఎవరిచ్చారు? మీ వాకిట్లో తొట్టిదాకా పోవడానికి వదిన భుజం పట్టుకునేదాన్ని.

మీ పక్కింటి సుబ్బలక్ష్మమ్మగారు నా కోసం శ్రీశైలం మొక్కుకున్నారు. వెనకింటి బీబమ్మ దర్గాలో ఫాతెహా చదివించింది. పాస్టరువి, నువ్వు ప్రార్థించావు. ముగ్గురూ నా కోసమే అడిగారు, ముగ్గురికీ నేను చేతులెత్తి మొక్కుతాను. వాళ్లిద్దరూ పుస్తకం అచ్చేయించలేదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేదాన్ని. ఆఖరి పేజీలో ఒక మాట రాశావు: "నమ్మినవారు నిలిచారు, సందేహించినవారు రాలిపోయారు." దానికే నాకు నిద్ర పట్టడం లేదు. బడి వెనక వీధిలో ఉండే గాబ్రియేలు నీకు తెలుసు. పోయిన ఏడాది వాడి భార్య విశ్వాసమ్మ కాన్పు జ్వరంతో పడి ఉన్నప్పుడు ఇక్కడి మన సంఘం గుడిలో ఆమె పేరూ నా పేరూ కలిపి ప్రార్థన చేశారు. ఆ వారమే ఆమె పోయింది. నిన్న వాడు ఆ పుస్తకం పట్టుకుని వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "అక్కా, అందరూ మీ ఇద్దరికీ కలిపే కదా అడిగింది. మా విశ్వాసమ్మ నమ్మకం యాడ తక్కువైంది? చెప్పక్కా, నువ్వు సదువుకున్నదానివి" అన్నాడు. నన్ను ఎత్తిపొడవడానికి రాలేదు. నిజంగా తెలుసుకుందామనే వచ్చాడు. ఏం చెప్పమంటావు?

పుస్తకాలు వెనక్కి తెప్పించు. వచ్చే నెల కడప ప్రార్థన కూటాల్లో నన్ను సాక్ష్యం చెప్పమని అడగకు. నేను రాను.

నీ చెల్లెలు,
కృపమణి


కోడుమూరు,
2 ఫిబ్రవరి 1956

అన్నా,

నీ జవాబు చదివాను. వెయ్యి పుస్తకాలు పంచేశామనీ, సంఘం పెద్దలు సంతోషంగా ఉన్నారనీ, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే దేవుని పని నవ్వులపాలవుతుందనీ రాశావు. డాక్టరు మోకరించడం, సీసాలు పారేయడం "సత్యానికి వేసిన బట్టలు" అన్నావు. క్యాన్సరంటే పల్లెల్లో ఎవరికీ తెలియదు కనుక, వాళ్లకు అర్థం కావడానికే "ఛాతీ రోగం" అని రాశానన్నావు.

వాళ్లకు అర్థమైంది. ఏమని అర్థమైందో చెబుతాను.

మన సంఘంలో బాలస్వామి అని బండి తోలేవాడు ఒకడున్నాడు. కర్నూలుకు చెనక్కాయ బస్తాలు తోలుతాడు. ముప్పై ఏళ్లు ఉండవు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నా దగ్గరే చదువుతోంది. పోయిన శ్రావణంలో వాడికి దగ్గులో నెత్తురు పడితే కర్నూలు ఆసుపత్రిలో చూసి క్షయ అని తేల్చారు. ఏడాదిన్నర మందు వాడాలి, మధ్యలో ఆపకూడదని చెప్పి పంపారు. ఇక్కడి బోర్డు ఆసుపత్రిలో రోజు మార్చి రోజు కాంపౌండరు సూది వేస్తున్నాడు. దానికి తోడు మింగే పొడి ఒకటి. వాడికి ఒళ్లు పట్టింది, జ్వరం పోయింది. ఈ జబ్బుకు మందు వచ్చింది అన్నా. మన చిన్నాన్న దీంతోనే పోయిన కాలంలో లేదు. ఇప్పుడు ఉంది.

నీ పుస్తకం చదివించుకున్న రోజు నుంచి బాలస్వామి సూదికి పోవడం లేదు. వాడిది ఛాతీ రోగం. నాదీ ఛాతీ రోగమేనని నువ్వు అచ్చేశావు.

వాడి భార్య హంపమ్మ ఏడుస్తూ బడికి వచ్చి చెప్పింది. సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఎద్దులకు చొప్ప వేస్తూ నన్ను చూసి నవ్వాడు.

"రా టీచరమ్మా, నీ గురించే సదివించుకుంటాండా. మూడుసార్లయింది."

నాది వేరే జబ్బు, నీది వేరే జబ్బు, పుస్తకంలో తప్పు పడిందని చెప్పాను.

"నీకూ దగ్గు, నాకూ దగ్గు. నీకూ నెత్తురు, నాకూ నెత్తురు. నీది ఏం జబ్బు?"

క్యాన్సరని చెప్పాను.

"అది పెద్దదా, నాది పెద్దదా?"

"నాదే పెద్దది."

"పెద్దది పోగొట్టినాయనకు చిన్నది ఒక లెక్కనా?" అన్నాడు. హంపమ్మ నావైపు చూసింది.

"నువ్వు సూది ఏసుకుంటివా?" అని అడిగాడు.

"లేదు."

"పొడి తాగితివా?"

"లేదు బాలస్వామీ. నా జబ్బుకు మందే లేదు. నీ జబ్బుకు ఉంది."

"అంటే ఉత్తగానే నయమైపాయ. టీచరమ్మా, అబద్ధం ఆడకు. నీకు దేవుడు ఊరికే ఇచ్చినాడు, నాకు మాత్రం సూదులు పొడిపించుకోమంటాండావు. ఆయనకు నువ్వొక లెక్క, బండోడు ఒక లెక్కనా?"

"ఎందుకు నయమైందో డాక్టర్లకే తెలియదు" అన్నాను.

"వాళ్లకు తెలీదు గానీ పాస్టరయ్యకు తెలుసు కదా" అన్నాడు. హంపమ్మ వాణ్ణి తిట్టింది. "నోరు మూసుకోని ఆసుపత్రికి పో. ఆయమ్మ అంత దూరం నడిచొచ్చి చెప్తాంటే నీకు ఎకసెక్కమా?" అంది. వాడు ఎద్దు వీపు మీద తట్టి, "సూది పడితే చెవుల్లో గుయ్యిమంటాది. తల తిరుగుతాది. మొన్న హంద్రి ఏటి దగ్గర బండి మీద నుంచి పడబోతి. ఆ పొడి తాగితే అన్నం లోపల నిలబడదు. నేను నమ్మి నిలబడినాననుకో, అదంతా ఏంటికి?" అన్నాడు.

ఎగతాళి కాదు, మొండితనమూ కాదు. వాడి లెక్కలో తప్పు లేదు, నువ్వు వాడి చేతికిచ్చిన సంగతి తప్పు. నేను నిజం చెప్పాను. నిజం చెప్పే కొద్దీ వాడికి ధైర్యం పెరిగింది. మందు లేకుండా బతికిన మనిషి ఎదురుగా నిలబడి, నువ్వు మందు వేసుకో అంటే ఎవడు వింటాడు?

కాంపౌండరును అడిగాను. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందనీ, అప్పుడు ఇదే సూది పనిచేయకపోవచ్చనీ చెప్పాడు. నిన్న రాత్రి వాడికి మళ్లీ జ్వరం తగిలిందని హంపమ్మ చెప్పింది. "అది పరీక్ష" అంటున్నాడట. ఆ మాట కూడా నీ పుస్తకంలోదే.

నువ్వు వచ్చి నీ నోటితో వాడికి చెప్పు. నా మాట వినడు, నీ మాట వింటాడు. పుస్తకం తప్పని ఒక్కడికి, ఒక్క బండివాడికి చెప్పు చాలు. కూటాల పని ఉంది, నెలాఖరుకు గానీ రాలేనని మాత్రం రాయకు.

కృపమణి


కోడుమూరు,
ఆదివారం, 12 ఫిబ్రవరి

అన్నా,

కూటాల పని ఉంది, నెలాఖరుకు గానీ రాలేనని రాశావు. వాడికోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నానని కూడా రాశావు.

ఈరోజు ఇక్కడ గుడిలో జరిగింది నీకు బయటివాళ్ల నోట తెలియకముందే నేను చెప్పాలి. రేపు పొద్దున బస్సుకు ఈ ఉత్తరం వేస్తాను.

బాలస్వామి వచ్చి మగవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. దగ్గు వస్తే కండువా అడ్డం పెట్టుకుంటున్నాడు. దగ్గి ఆ కండువాను మడిచి దాచుకోవడం నేను చూశాను. సాక్ష్యాల వేళ వచ్చింది. ప్రార్థన నడిపే ఉపదేశి, "మన టీచరమ్మ ఇంతవరకూ నోరు విప్పలేదు" అని ఎప్పటిలాగే అన్నాడు. ఎప్పుడూ తల వంచుకునే నేను లేచి నిలబడ్డాను.

నేను ఇలా అన్నాను: "అందరూ చదివిన పుస్తకంలో రాసింది నిజం కాదు. నేను మద్రాసులో సూదులు వేయించుకున్నాను. తర్వాత కడపలో మా అన్న ఇంట్లో నెలల తరబడి వేయించుకున్నాను. బాలస్వామికి వేస్తున్న సూదులే. వాటివల్లే బతికాను."

పిల్లలకు అబద్ధం ఆడకూడదని పద్నాలుగేళ్లుగా చెబుతున్న నోటితో ఆ మాటలు అన్నాను. నువ్వు సత్యానికి బట్టలు వేశావని నీ మీద మండిపడ్డ మనిషినే. నీది బట్ట. నాది బట్ట కాదు, మొత్తం అబద్ధమే. ఒప్పుకుంటున్నాను.

గుడి అంతా గుసగుసలు. ఉపదేశి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. బాలస్వామి లేచాడు. గుడిలో ఉన్నామన్న సంగతే మరిచిపోయాడు.

"టీచరమ్మా, మా ఇంటికాడ ఏసుకోలేదంటివి కదా?"

"మా అన్న పరువు పోతుందని అలా చెప్పాను."

"యాడ ఏసిరి సూది?"

"ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క." ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

"చెవుల్లో ఏమైనా అయితాండెనా?"

"గుయ్యిమనేది. ఇప్పటికీ అంటుంది."

"తల?"

"తిరిగేది. గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఆ పొడి తాగిన పూట అన్నం నిలబడేది కాదు."

ఇవన్నీ వాడూ హంపమ్మా చెప్పినవే. తన మాటలే నా నోట తనకు తిరిగి వస్తున్నాయని వాడికి తట్టలేదు. ముఖం కోపంతో నల్లబడింది. "అట్లయితే పాస్టరయ్య మమ్మల్ని ఎర్రోళ్లను చేసినాడా? నేను ఇన్నాళ్లు ఉత్తగా సస్తాంటినా?" అన్నాడు. హంపమ్మ అవతలి నుంచి, "సస్తాంటివి గాక, ఏం చేస్తాంటివి మరి! రేపు పొద్దున ఆసుపత్రికి నేనే తోలుకపోతా" అంది.

నీ పేరు లేకుండా చెప్పే దారి వెతికాను అన్నా. ఆ నెలలన్నీ నేను నీ ఇంట్లోనే ఉన్నాను. నువ్వు లేని అబద్ధం నాకు దొరకలేదు. కడపదాకా ఈ మాట వస్తుంది. పెద్దలు నిన్ను అడుగుతారు. అబద్ధమని నువ్వు ఒక్క మాటంటే నీ పుస్తకం నిలుస్తుంది, నన్ను మన సంఘం బడి నుంచి తీసేస్తారు. దానికి నేను సిద్ధమే. కానీ నీ మాట ఇక్కడికి చేరిన పూటే బాలస్వామి సూది మానేస్తాడు. ఈసారి మళ్లీ మొదలుపెట్టించే మార్గం నా దగ్గర లేదు.

నిన్ను క్షమించమని అడగడం లేదు. నేను నిన్ను ఇంకా క్షమించలేదు.

కృప


కడప,
20 ఫిబ్రవరి 1956

చెల్లెలు కృపకు,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చున్నాను. మీ వదిన అన్నానికి పిలిస్తే పోలేదు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నేను రాసిన డాక్టరు కన్నీళ్లు తప్పే. పెన్నలో సీసాలు తప్పే. నీ జబ్బు పేరు మార్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. దానివల్ల ఒక మనిషి మందు మానేస్తాడని నాకు తోచకపోవడం నా బుద్ధి తక్కువ. ఇవన్నీ నువ్వు నా ముఖాన అడిగితే ఒప్పుకునేవాణ్ణే. నువ్వు దేవుని ఇంట్లో, అంతమంది ముందు నిలబడి, ఆయన చేసిన పనిని సూదులకు అంటగట్టావు. అదీ నా పేరు మీద.

శుక్రవారం పెద్దలు పిలిచారు. కోడుమూరు కబురు వాళ్లకు అప్పటికే అందింది. కూటాలకు ఐదు రోజులే ఉంది, పందిరికి గుంజలు కూడా పాతారు. పెద్దల్లో పెద్దవాడైన దాసన్న నా ముందు ఆ పుస్తకం పెట్టాడు.

"అయ్యా, ఒక్క మాట చాలు. మీ చెల్లెలు సూదులు ఏసుకునిందా, లేదా?" అన్నాడు.

లేదు అంటే నిజం. ఆ గదిలో నేను పలకవలసిన మాట అదొక్కటే. ఇరవై రెండేళ్లుగా ప్రసంగ పీఠం మీద నేను పలికిన వాటిలో అంతకంటే నిఖార్సయిన నిజం లేదు. దాసన్న ముఖం చూశాను. ఆయనా అదే మాట కోసం చూస్తున్నాడు, నన్ను కాపాడాలని. నీ ఉత్తరం జేబులో ఉంది. ఎవరు ఆ బండివాడు, నేను వాణ్ణి ఎన్నడూ చూడలేదు.

"వేసుకుంది. నేనే కాంపౌండరును పిలిపించాను" అన్నాను.

"అయితే ఈ పుస్తకం?" అన్నాడు దాసన్న.

"అబద్ధం. తెలిసే రాశాను."

"ఏంటికయ్యా?" అన్నాడు. ఆ మనిషి నన్ను తిట్టలేదు. మొన్నటిదాకా నేను వస్తే కుర్చీలోంచి లేచేవాడు, ఏంటికయ్యా అని అడిగాడంతే. నా దగ్గరున్న జవాబు అక్కడ చెప్పేది కాదు.

కూటాల్లో నేను మాట్లాడడం లేదు. ఈస్టరు తర్వాత నన్ను ఎక్కడికి పంపాలో పై వాళ్లకు రాస్తామన్నారు. మిగిలిన పుస్తకాలు దాసన్న గోతాల్లో కట్టించి తీసుకుపోయాడు. పంచినవి వెనక్కి ఇమ్మని ఊళ్లకు మనుషుల్ని పంపుతున్నారు. నువ్వు అడిగింది జరిగింది.

మీ వదిన మాత్రం, "ఆ పని నెల ముందే చేసి ఉంటే ఇద్దరికీ ఒక్క అబద్ధమూ పడేది కాదు" అంది. ఆమె మీద కూడా కోపంగానే ఉన్నాను.

బాలస్వామి సూదికి పోతున్నాడో లేదో వారం వారం నాకు రాయాలి. వాడు ఒక్క పూట ఎగ్గొట్టినా నేనే వచ్చి ఆ బండి చక్రానికి కట్టేసి వేయిస్తాను. ఇంత ఖరీదు పెట్టాక వాడు చావడానికి వీల్లేదని చెప్పు. గాబ్రియేలు దగ్గరికి ఈ నెలలోనే వస్తాను. వాడికి ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలియదనే చెబుతాను.

ఒక సంగతి నీకు తెలిసి ఉండాలి. నువ్వు వానలు దాటి బతకడం నేను కళ్లారా చూశాను. నీకు గొంతు తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే నువ్వు "వదినా" అని గట్టిగా పిలిస్తే, పక్క గదిలో నేను నేల మీద పడి ఏడ్చాను. అది ఎవరి పనో నీకు తెలియదు, డాక్టరుకు తెలియదు. నాకు తెలుసు. ఇప్పటికీ తెలుసు. నా జీవితంలో నేను చూసిన అద్భుతం అదొక్కటే. దాన్ని ఇక ఏ పీఠం మీద నుంచీ, ఏ మనిషితోనూ నేను చెప్పలేను. చెప్పిన రోజు ఆ బండివాడు సూది మానేస్తాడు.

నిన్ను క్షమించడానికి నాకూ కొంతకాలం పడుతుంది.

మీ అన్న,
దావీదురాజు